తూకానికి వేసేయొద్దు... ముందు జాబితా రాయండి!

పాత రేడియోలు, రికార్డు ప్లేయర్లంటే ప్రాణం పెట్టిన పెద్దాయన కాలం చేస్తారు. ఆయన గదిలో వాల్వు రేడియోలు, యాంప్లిఫయర్లు, స్పూలు టేపు మెషిన్లు, అట్టపెట్టెల నిండా రికార్డులు మిగులుతాయి. ఏది ఏమిటో తెలిసిన ఒకే ఒక్క మనిషి వెళ్లిపోయారు. ఇంట్లోవాళ్లకు వాటి విలువ తెలీదు. తెలిసిన వ్యాపారి చెప్పడు. ఆ ఇద్దరి మధ్య నిలబడి ఉన్నదున్నట్టు రాసి, పరీక్షించి, సరైన ధరకు అమ్మిపెట్టేవాళ్లు కావాలి. ఈ పని డిగ్రీ, డిప్లొమా, ఐటీఐ చదివే మీరు చేయగలిగిందే. కొంత డబ్బు చేతికొస్తుంది. అంతకంటే ముఖ్యంగా, ఇంటర్వ్యూలో ‘ఇదిగో, నేను చేసిన పని’ అని చూపించుకోవడానికి ఒక రుజువు దొరుకుతుంది. అదెలాగో చూద్దాం.

ఖర్చు వేరు... ధర వేరు

మొదట అర్థం చేసుకోవాల్సింది ఇదే. అమెరికాలోని వర్జీనియా రాష్ట్రం, రిచ్‌మండ్‌కు చెందిన కెన్ ఫ్రిట్జ్ దశాబ్దాలపాటు తన ఇంట్లో ఒక ఆడియో వ్యవస్థను నిర్మించుకున్నారు. దానికోసమే ప్రత్యేకంగా పెద్ద గది కట్టించారు. మనిషి కంటే ఎత్తయిన స్పీకర్లను, రికార్డు ప్లేయరును సొంతంగా తయారుచేసుకున్నారు. అంతా కలిపి సుమారు 10 లక్షల డాలర్ల వ్యవస్థ అని పేరు. 2022లో ఆయన చనిపోయారు. తర్వాత ఆ పరికరాలు విడివిడిగా వేలానికి వెళ్తే వచ్చింది సుమారు 1.57 లక్షల డాలర్లే.

ఎందుకలా? ఒక గదికోసం, ఒక మనిషి చెవికోసం చేసిన వస్తువు ఇంకొకరి ఇంట్లో ఇమడదు. విప్పాలి, మోయాలి, మళ్లీ బిగించాలి. దాన్ని బాగుచేయగలిగిన మనిషి కూడా లేరు. ఆయన ఓపికకు, ఇష్టానికి మార్కెట్లో ధర ఉండదు.

దీనికి సరిగ్గా వ్యతిరేకమైన సంగతీ ఉంది. ఇంగ్లండ్‌లో 1954లో మొదలైన గారార్డ్ 301 టర్న్‌టేబుల్‌ను తీసుకోండి. చెక్కపెట్టె లేకుండా చూస్తే ఓ లోహపు పలక మీద బరువైన పళ్లెం, అంతే. తెలియనివాళ్లు తూకానికి వేసేస్తారు. నిజానికి ప్రపంచవ్యాప్తంగా సేకర్తలు వెతుక్కుంటూ వచ్చే వస్తువుల్లో అదొకటి. అంటే మెరిసేదంతా విలువైనది కాదు, దుమ్ముపట్టిందంతా పాత సామానూ కాదు. ఈ తేడా కనిపెట్టడమే మీ పని.

మొదటిరోజు ధర చెప్పొద్దు

గదిలో అడుగుపెట్టగానే ఆ ఇంటి పెద్దావిడ అడిగే మొదటి ప్రశ్న తెలిసిందే. ‘‘బాబూ, ఇవన్నీ కలిపి ఎంతకు పోతాయి?’’ ఏదో ఒక అంకె చెప్పేస్తే అది వాళ్ల మనసులో ఉండిపోతుంది. రేపు తక్కువ వస్తే మీరు మోసం చేసినట్టు, ఎక్కువ వస్తే దాచినట్టు. ‘‘ఇప్పుడే చెప్పలేనండీ అమ్మా. ముందు ఏమేం ఉన్నాయో రాసుకుంటాను. తర్వాత ఒక్కోదాని గురించీ చెబుతాను’’ అనండి. ఈ ఒక్క మాటే మీ మీద సగం నమ్మకం తెస్తుంది.

పని మొదలుపెట్టే ముందు ఒక కాగితం మీద ఈ నాలుగూ రాసుకోండి.

• వారసులందరి ఒప్పుకోలు: పోయినవారి వస్తువుల మీద హక్కు ఒక్కరిదే కాకపోవచ్చు. అమ్మగారు సరేనన్నా, దూరాన ఉన్న కొడుకో కూతురో ‘‘నాన్న రేడియో ఎందుకు అమ్మారు?’’ అని అడగొచ్చు. అందరి సంతకాలు గానీ, కనీసం రాతపూర్వకంగా మెసేజీలు గానీ తీసుకోండి.

• మీ ప్రతిఫలం: రోజుకింతా, అమ్మిన ధరలో ఇంత శాతమా అన్నది ముందే తేల్చుకోండి. టెక్నీషియన్, రవాణా ఖర్చులు ఎవరివో కూడా రాయండి.

• మీరు కొనకూడదు: మీకు నచ్చిన వస్తువును మీరే తక్కువ ధర కట్టి తీసుకుంటే అక్కడితో మీ పేరు పోయినట్టే. నిజంగా కావాలంటే ఆ సంగతి ఇంట్లోవాళ్లకు చెప్పి, దాని ధర వేరే వ్యక్తితో కట్టించండి.

• ఇంట్లో ఉండిపోయేవి: అమ్మకూడని వస్తువుల్ని ముందే పక్కన పెట్టించండి. మనవరాలికి తాతయ్య మర్ఫీ రేడియో కావాలంటే, మార్కెట్లో దానికెంత వస్తుందన్న చర్చే అక్కర్లేదు.

జాబితాయే అసలు పెట్టుబడి

ఫోను కెమెరా, స్ప్రెడ్‌షీట్, మాస్కింగ్ టేపు, పెన్సిలు ఉంటే చాలు. ప్రతి వస్తువుకూ ఒక నంబరు ఇచ్చి, టేపు ముక్క మీద రాసి అంటించండి. అదే నంబరు షీట్‌లో, అదే ఫొటో ఫైలు పేరులో ఉండాలి. పాత చెక్క పాలిష్ మీద, ముద్రించిన అక్షరాల మీద టేపు అంటించకండి. తీసేటప్పుడు పాలిష్, అక్షరాలు దాంతోపాటే ఊడొస్తాయి.

షీట్‌లో ఉండాల్సినవి: కంపెనీ, పూర్తి మోడల్ నంబరు, సీరియల్ నంబరు, వెనకవైపు రాసి ఉన్న వోల్టేజీ, కనిపించే లోపాలు, దాంతోపాటు వచ్చే విడిభాగాలు, చివరిగా పరీక్ష ఫలితం.

‘పూర్తి మోడల్ నంబరు’ అని నొక్కి చెప్పడానికి కారణముంది. ‘టెక్నిక్స్ 1200’ అని రాస్తే సరిపోదు. ఎస్‌ఎల్-1200 తొలిసారి 1972లో వచ్చింది. డీజేలందరికీ తెలిసిన ఎంకే2 రకం 1979లో వచ్చింది. 2010లో తయారీ ఆగిపోయి, 2016లో మళ్లీ మొదలైంది. ఒకే పేరు కింద ఇన్ని తరాలున్నాయి. కొనేవాళ్లకు అది ఏ తరానిదన్నదే ముఖ్యం.

గదిలోని సొరుగుల్ని చెత్త అనుకుని ఊడ్చేయకండి. టర్న్‌టేబుల్ చేతి చివర ఉండే కార్ట్రిడ్జ్ అనే చిన్న భాగం కొన్నిసార్లు మొత్తం యంత్రం కంటే ఖరీదు పలుకుతుంది. విడి వాల్వులు, పాత బిల్లులు, సర్వీస్ మాన్యువళ్లు, అసలు అట్టపెట్టెలు కూడా ధర పెంచేవే. పెద్దాయన చేతిరాతలో ఏ వాల్వు ఎప్పుడు మార్చారో రాసుకున్న నోటుబుక్కు దొరికితే పండగే. యంత్రం చరిత్ర అంతా అందులోనే ఉంటుంది. జతల్ని విడదీయొద్దు. రెండు స్పీకర్లలో ఒకటి ముందుగదిలో, ఇంకొకటి అటక మీద ఉండొచ్చు. వెతికి కలపండి.

ప్లగ్ పెట్టే ముందు ఆగండి

ఉత్సాహం కొద్దీ ‘ఒకసారి ఆన్ చేసి చూద్దాం’ అనుకోవడం ఈ పనిలో అతిపెద్ద ప్రమాదం. మీకూ, యంత్రానికీ కూడా.

• వాల్వు రేడియోలు, యాంప్లిఫయర్ల లోపల 200 నుంచి 300 వోల్టులు, కొన్నింటిలో అంతకంటే ఎక్కువ ఉంటాయి. ప్లగ్ తీసేశాక కూడా కెపాసిటర్లలో ఆ విద్యుత్తు నిలిచి ఉండొచ్చు. శిక్షణ లేకుండా మూత విప్పి చేయి పెట్టకండి.

• ఏసీ/డీసీ రకం పాత రేడియోల్లో లోపలి ఇనుప చట్రమే నేరుగా కరెంటు తీగకు కలిసి ఉంటుంది. నాబ్ ఊడిపోయిన ఇరుసును ముట్టుకున్నా షాక్ కొట్టొచ్చు.

• ఏళ్ల తరబడి వాడని యంత్రాల్లో ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు పాడైపోతాయి. ఒక్కసారిగా 230 వోల్టులు ఇస్తే పేలొచ్చు, ట్రాన్స్‌ఫార్మర్‌ను కూడా కాల్చేయొచ్చు. అందుకే టెక్నీషియన్లు సిరీస్ బల్బు బోర్డు మీద గానీ, వేరియాక్‌తో కొద్దికొద్దిగా వోల్టేజీ పెంచుతూ గానీ పరీక్షిస్తారు.

• వెనక రాసి ఉన్న వోల్టేజీ చదవండి. జపాన్ దేశీయ మార్కెట్ కోసం చేసినవి 100 వోల్టులవి, అమెరికావి 120 వోల్టులవి. మన గోడ సాకెట్లో నేరుగా పెడితే నిమిషంలో పోతాయి. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ ఉందేమో చూడండి. అది కూడా సేకరణలో భాగమే.

• వోల్టేజీ సరిచేసినా ఒక చిక్కుంది. అమెరికాలో కరెంటు 60 హెర్ట్జ్, మనది 50. కరెంటు ఫ్రీక్వెన్సీని బట్టి తిరిగే మోటారున్న టర్న్‌టేబుల్ ఇక్కడ ఆరింట అయిదు వంతుల వేగంతోనే తిరుగుతుంది. అంటే నిమిషానికి 33 చుట్ల బదులు 28 చుట్లలోపే. పాట సాగదీసినట్టు వినిపిస్తుంది. యంత్రం చెడిపోలేదు, పుల్లీ మార్చాలంతే. ఈ సంగతి మీ జాబితాలో రాస్తే చదివినవాళ్లకు మీరు పని తెలిసిన మనిషని అర్థమవుతుంది.

దగ్గర్లోని అనుభవమున్న రేడియో మెకానిక్‌ను ఒకరోజు కూలికి పిలిపించుకోండి. పక్కనే కూర్చుని, ఆయన చెప్పింది రాసుకోండి. ఎలక్ట్రానిక్స్ మెకానిక్ ట్రేడులో ఐటీఐ చదివే మిత్రులుంటే జట్టుగా చేయండి.

రికార్డులు... టేపులు

78 వేగపు రికార్డులు లక్కతో చేసినవి. బరువుగా ఉంటాయి, కింద పడితే పగులుతాయి. పది అంగుళాల రికార్డులో ఒక్కో వైపు సుమారు 3 నిమిషాలే పడుతుంది. అందుకే మన నాటక పద్యాలు ముక్కలు ముక్కలుగా, కొన్ని రికార్డుల సెట్లుగా వచ్చేవి. సెట్టులో ఒక్కటి తగ్గినా విలువ పడిపోతుంది కాబట్టి నంబర్లు చూసి జతచేయండి. 1948లో వచ్చిన 33 వేగపు ఎల్పీలు వినైల్‌తో చేసినవి. వీటిని తుడిచే ఆల్కహాల్ ద్రావణాలు లక్క రికార్డులకు తగిలిస్తే ఉపరితలం కరిగిపోతుంది. గ్రామఫోన్ ఉక్కుముల్లును ఎల్పీ మీద పెడితే ఎల్పీ నాశనం. రెండింటినీ ఒకే తీరుగా చూడకండి. ఒకదాని మీద ఒకటి పేర్చకుండా నిలువుగా నిలబెట్టండి.

టేపుల విషయంలో ఇంకా జాగ్రత్త. కొన్న టేపుల మధ్యలో ఇంట్లో రికార్డు చేసినవి ఉంటాయి. ఊళ్లో జరిగిన హరికథ, అమ్మమ్మ పాడిన మంగళహారతి, ఆ పెద్దాయన సొంత గొంతు... ఇవేవీ ఇంకెక్కడా దొరకవు. పేరు రాయని ప్రతి టేపునూ అమ్మే ముందు వినిపించి, కంప్యూటర్‌లోకి కాపీ చేసి కుటుంబానికి ఇవ్వండి. బూజు పట్టినవి, జిగటగా అంటుకుంటున్నవి బలవంతంగా తిప్పితే తెగిపోతాయి. వాటిని నిపుణులకే వదిలేయండి. ఈ సేవకు విడిగా డబ్బు తీసుకున్నా తప్పులేదు. ఆ ఇంట్లో మిమ్మల్ని గుర్తుపెట్టుకునేది మాత్రం ఇందుకే.

ధర ఎలా తేలుతుంది?

ఆన్‌లైన్‌లో ఎవరో పెట్టిన ధర చూసి ‘ఇది 2 లక్షల వస్తువు’ అనేయడం అందరూ చేసేదే. అది అడిగిన ధర. మీకు కావాల్సింది అమ్ముడైన ధర. ఈబేలో అమ్ముడైన వస్తువుల్ని మాత్రమే చూపించే ఫిల్టర్ ఉంటుంది. రికార్డులకైతే డిస్కాగ్స్‌లో గత అమ్మకాల వివరాలు కనిపిస్తాయి. ఒకే మోడల్‌కు దొరికినన్ని అమ్మకాలు చూసి, మీ వస్తువు స్థితికి దగ్గరగా ఉన్నవాటిని ఎంచుకోండి. విదేశీ ధరను రూపాయల్లోకి మార్చేసి అదే మన ధర అనుకోకూడదు. రవాణా, కస్టమ్స్, వోల్టేజీ తేడాలు అన్నీ మధ్యలో ఉంటాయి.

తర్వాత మొత్తాన్ని నాలుగు కుప్పలు చేయండి. ఒకటి, విడివిడిగా అమ్మాల్సిన మంచి వస్తువులు. రెండు, గుంపుగా ఒకే వ్యాపారికి ఇచ్చేయదగ్గ మామూలువి. మూడు, బాగుచేసేవాళ్లకు విడిభాగాల కోసం పనికొచ్చేవి. నాలుగు, ఎందుకూ పనికిరానివి. ఈ చివరివాటిని గుర్తింపు ఉన్న ఈ-వేస్ట్ సంస్థకే ఇవ్వండి. హైదరాబాద్ జుమ్మేరాత్ బజార్ నుంచి ముంబయి చోర్ బజార్ దాకా పాత వస్తువుల మార్కెట్లు ఉన్నాయి. సరుకు పట్టుకెళ్లకుండా ఒకసారి ఊరికే తిరిగి రండి. ఏది ఎంతకు అడుగుతున్నారో, ఎంతకు ఇస్తున్నారో చెవిన పడుతుంది.

ఒక మాట కుటుంబానికి ముందే చెప్పండి. అన్నీ ఒకేసారి ఒకరికి ఇచ్చేస్తే పని త్వరగా అవుతుంది, డబ్బు తగ్గుతుంది. ఒక్కొక్కటిగా అమ్మితే డబ్బు పెరుగుతుంది, నెలలు పడుతుంది. అద్దె ఇల్లు ఖాళీ చేయాల్సినవారికి మొదటిదే మేలు కావచ్చు. నిర్ణయం వాళ్లదే. లెక్క తేల్చి ముందు పెట్టడం వరకే మీ బాధ్యత.

వివరణలో నిజం... మూడే మాటలు

కొనేవాళ్లు వస్తువును చూడలేరు, మీ అక్షరాల్నే చూస్తారు. అందుకే స్థితిని చెప్పడానికి ఈ మూడింటిలో ఒకటే వాడండి: ‘పూర్తిగా పరీక్షించాం, పనిచేస్తోంది’, ‘పవర్ వస్తోంది, మిగతావి పరీక్షించలేదు’, ‘అసలు పరీక్షించలేదు’. ‘పనిచేయొచ్చు’, ‘చిన్న రిపేరు ఉండొచ్చు’ లాంటి మాటలు వద్దు.

తేడా గమనించండి.

ఇలా వద్దు: ‘అరుదైన పాత యాంప్లిఫయర్. సూపర్ కండిషన్. త్వరపడండి!’

ఇలా రాయండి: ‘యాంప్లిఫయర్, 120 వోల్టులు, స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్‌తో కలిపి. టెక్నీషియన్ సమక్షంలో రెండు గంటలు మోగించాం. ఎడమ ఛానల్లో వాల్యూమ్ తిప్పినప్పుడు గరగర ఉంది. పైమూత మీద 4 సెంటీమీటర్ల గీత, ఆరో ఫొటోలో చూడండి. ఒకే యజమాని వాడింది, మాన్యువల్ ఉంది.’

రెండోది చదివినవాళ్లు బేరమాడతారు కానీ, తిరిగి పంపరు. రికార్డులకు మింట్, నియర్ మింట్, వెరీ గుడ్ ప్లస్, వెరీ గుడ్, గుడ్ అనే గ్రేడ్లు వాడుకలో ఉన్నాయి. ఇక్కడ ‘గుడ్’ అంటే మంచిదని కాదు, బాగా అరిగిపోయి గరగరలాడేదని! తెలీక రాస్తే మీకే నష్టం.

నకిలీలు, చట్టం

మెరిసే ఇత్తడి బూర, చెక్కపెట్టె, దానిమీద కుక్క బొమ్మ ఉన్న హెచ్‌ఎంవీ గ్రామఫోన్ చూడగానే అందరికీ ఆశ పుడుతుంది. కానీ మన మార్కెట్లలో అలాంటివి చాలావరకు కొత్తగా చేసినవే. కొత్త చెక్కపెట్టెకు, కొత్త బూరకు పాత పోర్టబుల్ గ్రామఫోన్ల భాగాలు బిగించి ‘పురాతనమైనది’ అని అమ్ముతారు. పెద్దాయన కూడా అలా కొని ఉండొచ్చు. అప్పుడు కుటుంబానికి నచ్చజెప్పి, ‘అలంకరణకు చేసిన నమూనా’ అనే రాయండి. అసలుది అని రాసి అమ్మితే అది మోసం. మరోవైపు, అటక మీద మూలన పడున్న నల్ల సూట్‌కేసు లాంటి పెట్టె 1931లో వచ్చిన హెచ్‌ఎంవీ 102 పోర్టబుల్ అసలుదే కావచ్చు.

1972 నాటి పురావస్తువులు, కళాసంపద చట్టం కూడా గుర్తుంచుకోండి. వందేళ్లు దాటిన వస్తువులు పురావస్తువుల కిందకు రావొచ్చు. అలాంటివాటిని సొంతంగా విదేశాలకు పంపకూడదు, వాటి వ్యాపారానికి లైసెన్సు కావాలి. మరీ పాత గ్రామఫోన్ చేతికొస్తే ముందుగా పురావస్తు శాఖను సంప్రదించండి.

డబ్బు, ప్యాకింగ్

డబ్బు తీసుకోవడానికి మీరు క్యూఆర్ కోడ్ స్కాన్ చేయనక్కర్లేదు, పిన్ నొక్కనక్కర్లేదు. అలా అడిగారంటే మోసమే. డబ్బు నేరుగా కుటుంబ సభ్యుల ఖాతాలోకే వెళ్లాలి, మీ వాటా అక్కడి నుంచి తీసుకోండి. ఒంటరిగా ఉండే పెద్దావిడ చిరునామాను, ఇంటి ఫొటోలను ప్రకటనలో పెట్టకండి. కొనేవాళ్లు వచ్చే వేళకు మీరో, వాళ్ల బంధువులో ఇంట్లో ఉండాలి.

టర్న్‌టేబుల్ పంపేటప్పుడు పళ్లెం, చేతి వెనకాల బరువు, కార్ట్రిడ్జ్ విడదీసి వేరువేరుగా చుట్టండి. చేతిని కదలకుండా కట్టండి. వాల్వులు తీసి, ఏది ఏ సాకెట్‌దో రాసి, విడి డబ్బాలో పెట్టండి. ఒక పెట్టెలో ఇంకో పెట్టె, మధ్యలో మెత్తటి సరుకు. మూత వేసే ముందు పనిచేస్తున్న వీడియో, సీరియల్ నంబరు కనిపించే ఫొటో తీసి దాచుకోండి.

రెజ్యూమెలో ఎలా రాయాలి?

‘పాత సామాన్లు అమ్మాను’ అని కాదు. మీరు నిజంగా చేసిన లెక్కలతో రాయండి. ఎన్ని వస్తువుల్ని నమోదు చేశారు, ఎన్ని పరీక్షించారు, ఎన్ని అమ్ముడయ్యాయి, ఎన్ని తిరిగొచ్చాయి, మీ అంచనాకూ అమ్మిన ధరకూ తేడా ఎంత. కుటుంబం అనుమతిస్తే పేర్లు తీసేసిన జాబితాను, రెండు మూడు వివరణల్ని ఫైలుగా వెంట తీసుకెళ్లండి.

ఇందులో కామర్స్ విద్యార్థికి స్టాకు రిజిస్టరు, ధర నిర్ణయం కనిపిస్తాయి. ఎలక్ట్రానిక్స్ విద్యార్థికి పరీక్ష, లోప నిర్ధారణ ఉన్నాయి. తెలుగు, ఇంగ్లిష్, జర్నలిజం చదివినవారికి స్పష్టంగా రాయడం, చరిత్ర విద్యార్థికి వస్తువు కాలాన్ని గుర్తించడం పనికొస్తాయి. ఈ-కామర్స్ క్యాటలాగింగ్, రీఫర్బిష్ కంపెనీలు, వేలం సంస్థలు, మ్యూజియంలు, ఆడియో ఆర్కైవులు అడిగే నైపుణ్యాలు ఇవే. ఇష్టం పెరిగితే మ్యూజియాలజీ వైపు వెళ్లొచ్చు. బరోడాలోని మహారాజా శాయాజీరావు విశ్వవిద్యాలయంలో ఆ విభాగం దశాబ్దాలుగా ఉంది.

ఇంటర్వ్యూలో ‘కష్టమైన సందర్భం చెప్పండి’ అంటే తడుముకోనక్కర్లేదు. లక్షలు వస్తాయనుకున్న కుటుంబానికి ఆ గ్రామఫోన్ నమూనా మాత్రమేనని ఎలా చెప్పారో, చెప్పాక కూడా వాళ్లు మిగతా పని మీకే ఎందుకు అప్పగించారో చెప్పండి.

మొదలుపెట్టడానికి ఎవరో పిలిచే దాకా ఆగొద్దు. ఈ ఆదివారం మీ తాతయ్య రేడియోనో, పెదనాన్న టేపు రికార్డరునో ముందు పెట్టుకోండి. ప్లగ్ పెట్టకుండానే నంబరు, మోడల్, వోల్టేజీ, లోపాలు, పది ఫొటోలతో ఒక పేజీ రాయండి. ఆ పేజీ చదివి, వస్తువును చూడని స్నేహితుడు దాన్ని సరిగ్గా ఊహించుకోగలిగితే మీరు రెండో వస్తువుకు సిద్ధం.